నహలాలు: చక్రమువంటి గ్రామము



ఈ వారం ఒక చిన్న పల్లెటూరి చరిత్రను మీతో పంచుకోవాలని ఆశిస్తున్నాను. హైదరాబాదు నుంచి, విజయవాడ నుంచి పరిశుద్ధ దేశానికి వెళ్లే మన యాత్రికుల బస్సులు నజరేతులో ఆగుతాయి, కానాలో ఆగుతాయి, తాబోరు కొండ దగ్గర ఆగుతాయి. నజరేతుకు పడమటి ప్రక్కన కొద్ది మైళ్ల దూరంలో ఉన్న ఈ ఊరి దగ్గర మాత్రం సాధారణంగా ఆగవు. అక్కడ పేరుగాంచిన దేవాలయము లేదు. ఆవుల కొట్టాలు, కోళ్ల షెడ్లు, పొలాలు, చెట్ల నీడలో ఇండ్లు ఉన్నాయి. అయితే ఆకాశం మీదనుంచి తీసిన ఫోటోలో ఆ ఊరిని ఒకసారి చూసినవారు మరచిపోరు. బండి చక్రాన్ని ఎవరో నేలమీద పరచిపెట్టినట్లుంటుంది. మధ్యలో కుండ, కుండ చుట్టూ ఇండ్లు, ఇండ్ల వెనుకనుంచి ఆకులవలె నలుదిక్కులకూ సాగిపోయే పొలాలు.

ఆ ఊరి పేరు నహలాలు. 1921వ సంవత్సరం సెప్టెంబరు 11న అది పుట్టింది. రష్యా సామ్రాజ్యపు ప్రాంతాలనుంచి వలస వచ్చిన యూదులే ముఖ్యంగా దానిని కట్టుకున్నారు. మోషావ్ అని పిలువబడే సహకార వ్యవసాయ గ్రామాలలో ఇది మొట్టమొదటిది. ఎవరి ఇల్లు వారికి, ఎవరి పొలము వారికి ఉండగానే ఒకరి భారమును ఒకరు మోయడం సాధ్యమా? ఈ ప్రశ్నకు నహలాలు నూరు సంవత్సరాలకు పైగా తన బ్రతుకుతో జవాబు చెబుతూ ఉంది. ఆ జవాబులో మనము సంతోషించవలసినది ఉంది, దుఃఖించవలసినదీ ఉంది. రెండింటిలో ఒకటి దాచిపెడితే చరిత్ర చెప్పినట్లు కాదు.

బైబిలులో నహలాలు

పాత నిబంధనలో ఈ పేరు మూడు చోట్ల కనబడుతుంది. యెహోషువ గ్రంథము 19వ అధ్యాయము 15వ వచనములో, జెబూలూను గోత్రమునకు చీట్లవలన వచ్చిన పట్టణాల పట్టికలో ఉంది. అదే గ్రంథము 21వ అధ్యాయము 35వ వచనములో, లేవీయులలో మెరారీ వంశస్థులకు ఇచ్చిన పట్టణాలలో ఉంది. మూడవది న్యాయాధిపతులు 1వ అధ్యాయము 30వ వచనము. అక్కడ నహలోలు అని ఉంటుంది. జెబూలూనువారు ఆ ఊరి కనానీయులను వెళ్లగొట్టలేదనీ, ఆ కనానీయులు వారి మధ్యనే ఉండి వెట్టిపని చేసేవారయ్యారనీ అక్కడ వ్రాయబడి ఉంది. ఈ మూడవ సంగతిని జ్ఞాపకముంచుకోండి. మరలా దాని దగ్గరకు వస్తాము.

ప్రాచీన నహలాలు సరిగ్గా ఎక్కడ ఉండేదో పండితులందరూ ఏకీభవించరు. యెరూషలేము తల్మూదులో రబ్బీలు మాత్రం నహలాలు అనగా మహలూల్ అని చెప్పారు. ఆ ప్రాంతంలోనే మఆలూల్ అనే ఒక అరబ్బు గ్రామము ఇరవయ్యవ శతాబ్దము వరకూ ఉంది. ఆ గ్రామములో ముస్లిములూ ఉన్నారు, క్రైస్తవులూ ఉన్నారు. ఈ పేరును కూడా మనస్సులో పెట్టుకోండి.

ఈ ఊరు ఉన్నది యెజ్రెయేలు లోయలో. దెబోరా బారాకులు సీసెరా సైన్యమును ఓడించిన కీషోను వాగు ప్రవహించేది ఈ లోయలోనే. గిద్యోను మిద్యానీయులను తరిమినది ఈ లోయలోనే. మెగిద్దో దీని అంచున ఉంది. నాబోతు ద్రాక్షతోట కూడా ఈ లోయ తూర్పు భాగములోని యెజ్రెయేలు పట్టణము దగ్గరే ఉండేది.

నేల దున్నే హక్కులేని ప్రజలు

ఈ ఊరిని కట్టినవారు ఎక్కడనుంచి వచ్చారో తెలియకపోతే వారు ఎందుకు ఇలా కట్టారో అర్థము కాదు. రష్యా చక్రవర్తి పాలనలో యూదులు తమకు కేటాయించిన ప్రాంతములోనే నివసించాలి. 1882వ సంవత్సరపు మే నెల చట్టాలు ఆ ప్రాంతములో కూడా వారు పల్లెలలో కొత్తగా స్థిరపడకూడదని, అక్కడ భూమి కొనకూడదని ఆజ్ఞాపించాయి. దుకాణము పెట్టుకోవచ్చు, బట్టలు కుట్టవచ్చు, చెప్పులు చేయవచ్చు. నాగలి పట్టి తన సొంత నేలను దున్నుకునే భాగ్యము చాలామందికి లేదు.

1903లో కిషినేవు పట్టణములో ఘోరము జరిగింది. చెప్పడానికి సిగ్గుపడవలసిన విషయము ఏమిటంటే, అది మొదలైనది పునరుత్థాన పండుగ దినమున. క్రీస్తు లేచెనని గుడిలో పాడిన ఊరిలోనే జనము యూదుల ఇండ్ల మీద పడ్డారు. 49 మంది చంపబడ్డారు. ఎన్నో ఇండ్లు, దుకాణాలు ధ్వంసమయ్యాయి. ఆ తరువాతి సంవత్సరాలలో లక్షలమంది యూదులు అమెరికాకు ఓడలెక్కారు. వారితో పోల్చితే చిన్న గుంపు అప్పట్లో తురుష్కుల ఏలుబడిలో ఉన్న పాలస్తీనాకు వచ్చింది. 1904 నుంచి 1914 వరకు వచ్చిన ఈ వలసను రెండవ అలియా అంటారు. అలియా అనగా ఎక్కి వెళ్లుట.

అప్పటికే అక్కడ బారన్ ఎడ్మండ్ రోత్‌షీల్డ్ అనే ధనవంతుని సహాయముతో కొన్ని యూదు వ్యవసాయ గ్రామాలు నడుస్తున్నాయి. ఆ గ్రామాలలో తోటల యజమానులు యూదులు, కూలీలు ఎక్కువగా అరబ్బులు. కొత్తగా వచ్చిన యువకులకు ఇది నచ్చలేదు. పరుల చెమటమీద బ్రతికే యజమానులము కావడానికా ఇంత దూరము వచ్చామని వారు అడిగారు. 1910లో పదిమంది పురుషులు, ఇద్దరు స్త్రీలు గలిలయ సముద్రపు దక్షిణపు ఒడ్డున దెగానియా అనే ఊరు మొదలుపెట్టారు. అక్కడ యజమాని లేడు, కూలి లేడు. పొలము అందరిది, వంటశాల అందరిది, సంపాదన అందరిది. కిబ్బుట్జ్ అనే పద్ధతికి అది తల్లి అయ్యింది.

నాలుగు కట్టడలు

అయితే దెగానియాలాంటి చోట్ల కొందరికి ఒక వెలితి తోచింది. పెండ్లిళ్లు అయ్యాయి, పిల్లలు పుట్టారు. తల్లి తన పొయ్యిమీద తన బిడ్డకు వండిపెట్టాలనుకుంది. రైతు తన ఆవును తన చేతులతో మేపాలనుకున్నాడు. ప్రతి చిన్న విషయానికీ సంఘము కూర్చుని తీర్మానము చేయడం కొందరికి భారమయ్యింది. సొంత ఇల్లు కావాలి, సహోదరత్వమూ కావాలి. రెండూ కలిసి ఉండే పద్ధతి లేదా?

ఈ ప్రశ్నకు జవాబుగా ఎలియేజెర్ యాఫే అనే వ్యక్తి 1919లో ఒక చిన్న పుస్తకము ప్రచురించాడు. ఆయన బెస్సరేబియాలో పుట్టి, అమెరికాకు వెళ్లి వ్యవసాయము నేర్చుకుని, పాలస్తీనాకు వచ్చినవాడు. ఆ ఆలోచనలనుంచి రూపుదిద్దుకున్న మోషావ్ పద్ధతిని నాలుగు కట్టడలుగా చెప్పుకోవచ్చు. మొదటిది, భూమి ఏ ఒక్కరి ఆస్తి కాకూడదు. జాతి అంతటి పేరున ఉండాలి. రెండవది, ప్రతి కుటుంబము తన పొలాన్ని తన చేతులతోనే చేసుకోవాలి, కూలి పెట్టకూడదు. మూడవది, కష్టకాలములో ఒకరికొకరు సహాయము చేసుకోవాలి. ఇది దయ కాదు, బాధ్యత. నాలుగవది, కొనేది, అమ్మేది అందరూ కలిసి సహకార సంఘము ద్వారానే చేయాలి.

గమనించండి. మన ప్రాంతాలలో సహకార సంఘమంటే ఎరువులకో, అప్పుకో, పాలకో మాత్రమే. ఇక్కడ బ్రతుకంతా ఆ సంఘముతో ముడిపడింది. అయినా సాయంత్రము తలుపు వేసుకుంటే ఆ ఇల్లు ఆ కుటుంబానిదే.

1921లో యెజ్రెయేలు లోయలో ఈ పద్ధతిని మొదలుపెట్టినవారిలో దెగానియా నుంచి వచ్చినవారు కూడా ఉన్నారు. అందులో శమూయేలు దయాన్, ఆయన భార్య దెబోరా ఉన్నారు. వారి కుమారుడు మోషే 1915లో దెగానియాలో పుట్టాడు. తరువాతి కాలములో ఇశ్రాయేలు రక్షణమంత్రి అయిన మోషే దయాన్ ఇతడే.

గుండ్రముగా ఎందుకు కట్టారు?

ఊరి పటము గీసినవాడు రిచర్డ్ కౌఫ్‌మన్. ఆయన జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్టులో పుట్టి 1920లో పాలస్తీనాకు వచ్చిన వాస్తుశిల్పి. ఆయన ముందున్న సమస్య ఇది. సుమారు 80 కుటుంబాలు ఉన్నాయి. అందరికీ సమానమైన భూమి రావాలి. ప్రతి రైతు ఇల్లు అతని పొలానికి ఆనుకొని ఉండాలి. అయినా ఇండ్లు ఒకదానికొకటి దగ్గరగా ఉండాలి, ఎవరూ ఊరి చివర ఒంటరిగా పడిపోకూడదు. నిలువు వీధులతో ఊరు కడితే ఒకరిది మొదటి ఇల్లు, ఒకరిది చివరి ఇల్లు అవుతుంది.

కౌఫ్‌మన్ ఇంచుమించు గుండ్రముగా ఒక గీత గీశాడు. మధ్యలో అందరికీ సంబంధించినవి పెట్టాడు: పాఠశాల, సభాభవనము, సహకార దుకాణము, పాలు చేర్చే స్థలము, ఉపాధ్యాయుల ఇండ్లు, చేతిపనివారి ఇండ్లు. వాటి చుట్టూ గుండ్రని వీధి. ఆ వీధికి ఆనుకుని రైతుల ఇండ్లు. ప్రతి ఇంటి వెనుక కొట్టము, కొట్టము వెనుక తోట, తోట వెనుక పొలము. కేంద్రమునుంచి దూరము పోయేకొద్దీ పొలము వెడల్పు అవుతుంది. ఒక్కొక్క కుటుంబానికి ఇలా 100 దునుములు, అనగా సుమారు 25 ఎకరాల భూమి ఏర్పాటయ్యింది. ఈ ఊరిలో మొదటి ఇల్లు ఏది అని అడిగితే చెప్పలేరు. చివరి ఇల్లు ఏది అని అడిగినా చెప్పలేరు. ఊరికి ఎగువ, దిగువ లేవు. ఒక మూలన విసిరివేయబడిన పేట లేదు. మన పల్లెల పటములు తెలిసినవారికి ఈ మాట ఎంత గొప్పదో వేరుగా చెప్పనక్కరలేదు.

భూమి యూదు జాతీయ నిధి అనే సంస్థ పేరున ఉంది. రైతుకు ఇచ్చింది 49 సంవత్సరాల కౌలు. 49 అనే అంకె వినగానే లేవీయకాండము 25వ అధ్యాయము చదివినవారికి సునాద సంవత్సరము జ్ఞాపకము వస్తుంది. ఏడు ఏడుల సంవత్సరాలు లెక్కపెట్టి, యాబదియవ ఏట అమ్ముడైన భూమిని తిరిగి దాని కుటుంబానికి అప్పగించాలని అక్కడి ధర్మశాస్త్రము. భూమి దేవునిది, మనుష్యులు దానిమీద పరదేశులు, కాపురమున్నవారు అని దాని మూలసూత్రము. నహలాలు స్థాపకులలో చాలామంది భక్తిపరులు కారు, సామ్యవాద భావాలు గలవారు. అయినా పితరుల గ్రంథములోని ఆ లెక్క వారి కౌలు పత్రములో నిలిచింది. కౌలు వారసులకు వస్తుంది. అయితే పొలాన్ని ముక్కలు చేయకూడదు గనుక, పిల్లలలో ఒక్కరికే అది దక్కుతుంది.

దోమ, బురద, క్వినైన్

ఊరు పటము మీద అందముగా ఉంది. నేలమీద ఉన్నది బురద. ఊటలనుంచి ఊరే నీరు పోవడానికి దారిలేక చిత్తడి నేలగా నిలిచిపోయేది. మలేరియా ఆ లోయను పట్టి పీడించేది. మొదట వచ్చినవారు గుడారాలలో ఉండి, కాలువలు త్రవ్వి, భూమిలో మట్టి గొట్టాలు పరచి నీటిని బయటకు నడిపారు. జామాయిల్ చెట్లు నాటారు. క్వినైన్ మింగుతూ, జ్వరముతో వణకుతూ పని చేశారు.

ఇక్కడ మన నేలకు ఒక సంబంధము ఉంది. మలేరియా చెడు గాలివలన వస్తుందని లోకము ఎంతోకాలము నమ్మింది. 1897 ఆగస్టు 20న మన సికింద్రాబాదులో సర్ రొనాల్డ్ రాస్ అనే డాక్టరు దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. దోమే దానిని మోస్తుందని ఆ పరిశోధనవలన రుజువయ్యింది. నీరు నిలవకుండా చేస్తే దోమ ఉండదు, దోమ లేకపోతే జ్వరము ఉండదు అనే జ్ఞానము అక్కడినుంచి లోకమంతా వ్యాపించింది. ఇరవై నాలుగేండ్ల తరువాత యెజ్రెయేలు లోయలో పార పట్టిన యువకుల వెనుక బేగంపేటలో సూక్ష్మదర్శిని మీద వంగిన ఆ డాక్టరు శ్రమ కూడా ఉంది.

నేల ఆరింది. గోధుమలు, పశువుల మేత, కూరగాయలు పండాయి. పాలు, గుడ్లు ఇంటికి రోజువారీ ఆదాయము తెచ్చాయి. 1926లో తనువా అనే సహకార సంస్థ ఏర్పడి ఇటువంటి ఊళ్ల పాలను, పంటను పట్టణాలలో అమ్మిపెట్టసాగింది. రైతు జబ్బుపడితే పొరుగువారు వచ్చి అతని ఆవుల పాలు పిండాలి, అతని పొలము దున్నాలి. వారికి వీలున్నప్పుడు కాదు, అది వారి వంతు. విధవరాలి పొలము బీడుపడకూడదు.

ఆ ఊరిలోనే ఆడపిల్లలకు ఒక వ్యవసాయ పాఠశాల కూడా నడిచింది. దానిని నడిపినది హన్నా మైసెల్ అనే విద్యావంతురాలు. ఆ పాఠశాలలో 1939లో హంగేరీనుంచి వచ్చి చేరిన హన్నా సెనెష్ రెండేండ్లు చదివింది. ఆమె పుట్టినది కూడా 1921లోనే. 1944లో నాజీల చేతిలో చిక్కిన తన జనులను రక్షించే ప్రయత్నములో పారాచూటుతో ఐరోపాలో దిగి, పట్టుబడి, బుడాపెస్టులో ఆ ఏడు నవంబరు 7న కాల్చి చంపబడింది. అప్పటికి ఆమె వయస్సు 23 సంవత్సరాలు.

చక్రము వెలుపల

ప్రియులారా, ఇంతవరకూ చెప్పి ప్రార్థనతో ముగిస్తే వినడానికి బాగుంటుంది. అయితే సత్యము ఇంకా సగము మిగిలి ఉంది.

ఆ భూమి అంతకుముందు ఎవరిది? 1858లో తురుష్క ప్రభుత్వము భూములన్నీ రిజిస్టరు చేయాలని చట్టము తెచ్చింది. పన్నుకు, సైన్యములో చేర్చుకుంటారనే భయానికి ఎంతోమంది రైతులు తమ పేర్లు వ్రాయించుకోలేదు. తరువాత లోయలోని గ్రామాల భూములు బేరూతులోని సుర్సోక్ అనే ధనిక వ్యాపార కుటుంబము చేతికి వెళ్లాయి. అక్కడ తరతరాలుగా దున్నుతున్నవారు కౌలుదారులుగా మిగిలారు. ఈ కుటుంబమునుంచే 1920, 1921 ప్రాంతాలలో యెహోషువా హన్కిన్ అనే మధ్యవర్తి యూదు సంస్థల తరఫున భూములు కొన్నాడు. మఆలూల్ గ్రామపు భూమిలో చాలా భాగము ఇలా చేతులు మారింది. కొన్నది చట్టప్రకారమే, డబ్బు ఇచ్చే. అమ్మినవారూ అరబ్బులే. కౌలు రైతులలో కొందరికి కొంత సొమ్ము పరిహారముగా ముట్టింది. అయినా కాగితము మీద పేరు లేనివాడు లేచి పోవలసివచ్చింది. జమీందారీ గ్రామాలలో పుట్టిన మన పెద్దలకు ఈ బాధ తెలుసు.

ఇప్పుడు రెండవ కట్టడను మరలా చూడండి. కూలి పెట్టకూడదు అనే నియమము మంచి మనస్సుతో పుట్టింది. ఒకని చెమట మరొకడు తినకూడదని వారు కోరారు. న్యాయాధిపతుల గ్రంథములో జెబూలూనువారు నహలోలు నివాసులచేత వెట్టి చేయించుకున్నారని చూశాము. కొత్త నహలాలువారు ఎవరిచేతా వెట్టి చేయించుకోలేదు. అయితే అదే నియమమువలన, భూమి పోయిన అరబ్బు రైతుకు ఆ పొలములో కూలి కూడా దొరకలేదు. యూదు జాతీయ నిధి కౌలు పత్రాలలోని షరతులు యూదులుకానివారిని పనిలో పెట్టుకోకుండా అడ్డుకునేవి. 1930లో బ్రిటిషు ప్రభుత్వము పంపిన సర్ జాన్ హోప్ సింప్సన్ తన నివేదికలో ఈ సంగతిని గట్టిగా విమర్శించాడు. లోపలివారిని సహోదరులుగా చేసిన గీతే వెలుపలివారికి గోడ అయ్యింది. గీత గీసినవారు దుష్టులు గనుక ఇలా జరిగిందని నేను అనడం లేదు. మంచివారే గీశారు. అందుకే మనము దీనిని ఎక్కువ శ్రద్ధగా చదవాలి.

ద్వేషము పెరిగింది. 1932 డిసెంబరులో నహలాలులో ఒక ఇంటిమీద బాంబు పడి ఒక తండ్రి, అతని చిన్న కుమారుడు మరణించారు. ఆ పసివాడు ఎవరి భూమినీ తీసుకోలేదు. 1948 యుద్ధములో, జూలై నెలలో, మఆలూల్ గ్రామము ఇశ్రాయేలు సైన్యము వశమయ్యింది. ప్రజలు నజరేతుకు, చుట్టుప్రక్కల ఊళ్లకు వెళ్లిపోయారు. తిరిగి రావడానికి వారికి అనుమతి దొరకలేదు. ఇండ్లు కూల్చబడ్డాయి. వాటిమీద చెట్లు నాటబడ్డాయి. రెండు క్రైస్తవ దేవాలయాలు, ఒక మసీదు మాత్రము నిలిచాయి. నజరేతు యాత్రకు వెళ్లి ప్రభువు పెరిగిన కొండలను చూసి కన్నీరు కార్చే మనము, ఆ కొండలకు దగ్గరలోనే సంఘము లేకుండా నిలిచిపోయిన దేవాలయాలు ఉన్నాయని ఎరుగము.

ఈ సంగతిని పరాయివారు మాత్రమే చెప్పలేదు. నహలాలులో పెరిగిన మోషే దయాన్ 1969లో, రక్షణమంత్రిగా ఉన్నప్పుడే, హైఫాలోని టెక్నియాన్ విద్యార్థులతో మాట్లాడుతూ దీనిని బహిరంగముగా చెప్పాడు. యూదు గ్రామాలు అరబ్బు గ్రామాల స్థానములో వచ్చాయనీ, వాటి పేర్లు కూడా ఇప్పటి పుస్తకాలలో లేవనీ చెప్పి, తన సొంత ఊరినే ఉదాహరణగా చూపాడు. మహలూల్ స్థానములో నహలాలు వచ్చిందని అన్నాడు. భూమిని తిరిగి ఇవ్వాలని ఆయన ఉద్దేశము కాదు. ఆయన సైనికుడు, పోరాటము తప్పదని చెప్పేవాడు. అయినా తన ఊరి క్రింద మరొక ఊరి పేరు ఉందని దాచలేదు.

కొచ్చిన్ నుంచి వచ్చినవారు

1948లో ఇశ్రాయేలు రాజ్యము ఏర్పడిన తరువాత మోషావ్‌లు వందలుగా పెరిగాయి. యెమెను, మొరాకో, ఇరాకు, ఐరోపా దేశాలనుంచి వచ్చిన లక్షలమందిలో చాలామందిని ప్రభుత్వము ఇటువంటి గ్రామాలలో స్థిరపరచింది. కొన్ని గ్రామాలు ఖాళీ అయిన అరబ్బు ఊళ్ల భూములలోనే వెలిశాయి. మన దేశపు కొచ్చిన్ యూదులు కూడా వారిలో ఉన్నారు. మలబారు తీరములో శతాబ్దాలుగా మలయాళము మాట్లాడుతూ శాంతితో జీవించినవారు వారు. 1954లో వారిలో కొందరు బెయేర్షెబా దగ్గరి నెవాతీము అనే మోషావ్‌కు వెళ్లారు. కొబ్బరి తోటలు, కాలువలు చూసిన కన్నులకు అక్కడ ఎడారి కనబడింది. వర్తకులుగా బ్రతికినవారు ఇసుక నేలలో సేద్యము నేర్చుకున్నారు. నెవాతీములో కొచ్చిన్ యూదుల సమాజమందిరము, వారి చరిత్రను చూపే మ్యూజియము ఇప్పుడు ఉన్నాయి.

నాలుగు కట్టడలకు ఏమి జరిగింది?

కాలము గడిచేకొద్దీ కట్టడలు సడలాయి. 1967 యుద్ధము తరువాత గాజానుంచి, యొర్దాను పడమటి ఒడ్డునుంచి వచ్చిన పాలస్తీనా కూలీలు మోషావ్ పొలాలలో పనికి కుదిరారు. 1990లలో సరిహద్దులు తరచుగా మూతపడుతూ ఉంటే వారి స్థానములో థాయిలాండు కూలీలు వచ్చారు. సొంత చేతులతోనే చేయాలన్న మాట చాలాచోట్ల పాత జ్ఞాపకమయ్యింది. 2023 అక్టోబరు 7న గాజా సరిహద్దు పొలాలలో పనిచేస్తున్న థాయి కూలీలు కూడా ముప్పైమందికి పైగా చంపబడ్డారు. ఆ దినమున పన్నెండు వందలమంది వరకు చనిపోయారు. ఆ తరువాతి యుద్ధములో గాజాలో పదుల వేలమంది మరణించారు.

పరస్పర సహాయము అనే కట్టడకు మరొక విధముగా దెబ్బ తగిలింది. మోషావ్ సభ్యులు ఒకరి అప్పుకు ఒకరు పూటబడి ఉండేవారు. సంఘము పేరున బ్యాంకునుంచి అప్పు తెచ్చి పంచుకునేవారు. 1984లో ఇశ్రాయేలులో ధరలు ఒక్క సంవత్సరములో నాలుగు వందల శాతానికి పైగా పెరిగాయి. 1985లో ప్రభుత్వము ధరలను అదుపుచేయగానే వడ్డీ భారము అప్పులవారి నడ్డి విరిచింది. జాగ్రత్తగా సేద్యము చేసి ఒక్క రూపాయి బాకీ లేనివాడు కూడా పొరుగువాని అప్పుకు బాధ్యుడయ్యాడు. పొరుగువానికి పూటబడేముందు ఆలోచించమని సామెతల గ్రంథము ఎందుకు హెచ్చరించిందో వారికి అప్పుడు తెలిసింది. ఎన్నో కొనుగోలు సంఘాలు కూలిపోయాయి. 1992లో ప్రత్యేక చట్టము చేసి అప్పులను సర్దుబాటు చేయవలసివచ్చింది. ఈనాడు మోషావ్‌లలో నివసించే చాలామంది పట్టణాలకు ఉద్యోగానికి వెళ్లి వస్తారు. అయినా ఇశ్రాయేలులో ఇంకా 400కు పైగా మోషావ్‌లు ఉన్నాయి. నహలాలు చక్రము కూడా చెదరలేదు.

కొండమీది సమాధులు

నహలాలు ప్రక్కన షిమ్రోను కొండ ఉంది. యెహోషువ 19:15లో నహలాలు ప్రక్కనే షిమ్రోను పేరు కూడా ఉంది, చూడండి. ఊరివారి శ్మశానము ఆ కొండమీదనే ఉంది. 1981 అక్టోబరులో చనిపోయిన మోషే దయాన్‌ను అక్కడ పాతిపెట్టారు. 2003 ఫిబ్రవరి 1న కొలంబియా అంతరిక్ష నౌక తిరిగివస్తూ ఆకాశములో ముక్కలైనప్పుడు ఏడుగురు మరణించారు. మన కల్పనా చావ్లా వారిలో ఒకరు. ఆమెతో ప్రయాణించిన ఇశ్రాయేలీయుడు ఇలాన్ రామోన్ దేహము నహలాలులోనే సమాధి చేయబడింది. ఆయన తల్లి ఆష్విట్జ్ మరణ శిబిరమునుంచి ప్రాణముతో బయటపడిన స్త్రీ. ఆయన పెద్ద కుమారుడు అసాఫ్ కూడా 2009లో యుద్ధవిమాన ప్రమాదములో మరణించి తండ్రి ప్రక్కన సమాధి అయ్యాడు. ఆ కొండమీద నిలబడి చూస్తే క్రింద చక్రమువంటి ఊరు కనబడుతుంది. మఆలూల్ స్థలము కూడా ఆ కొండల నడుమ అంత దూరమేమీ కాదు.

ప్రియ శ్రోతలారా, ఇశ్రాయేలు అనే పేరు వినగానే మనలో కొందరు ప్రతి సంగతినీ ప్రవచన నెరవేర్పు అని చప్పట్లు కొడతారు. మరికొందరు ప్రతి సంగతినీ దూషిస్తారు. ఆ లోయలో జ్వరముతో వణకుతూ కాలువ త్రవ్వినవాడు ఒక మనిషి. మూట నెత్తిన పెట్టుకొని లేచిపోయిన కౌలుదారుడు ఒక మనిషి. ఇద్దరినీ దేవుడు ఎరుగును. నాబోతు ఒక్కని ద్రాక్షతోట సంగతిని రాజుల గ్రంథము ఒక అధ్యాయమంతా పెట్టి చెప్పింది. అంతకన్న గొప్ప యుద్ధాలు అదే గ్రంథములో రెండు మూడు వచనాలతో ముగుస్తాయి.

ధర్మశాస్త్రోపదేశకుడు ప్రభువును అడిగిన ప్రశ్న కూడా ఇదే కదా: నా పొరుగువాడెవడు? సమానముగా భూమి పంచుకొని, రోగి పొలము దున్నిపెట్టి, విధవరాలిని ఆదుకున్న నహలాలు ప్రజలు పొరుగువారిని ఎలా ప్రేమించాలో మనకన్న బాగుగా చేసి చూపారు. వారి పటములో పొరుగువాడు ఎక్కడివరకు అనేదే తేలని ప్రశ్న. మన సంఘాలలోనూ, మన కాలనీలలోనూ, మన సహాయ నిధులలోనూ గీతలు ఉన్నాయి. లోపల ఎవరున్నారో మనకు బాగా తెలుసు. గీత పడిన రోజున వెలుపల ఎవరు నిలబడి ఉన్నారో ఈ వారం మీ ఇంట్లో కూర్చుని ఒకసారి పేరుపేరున చెప్పుకోండి.

మీ బైబిలు చివర ఉన్న పటములలో జెబూలూను భాగము తీయండి. నజరేతుకు పడమట పెన్సిలుతో రెండు చుక్కలు పెట్టండి. ఒకదాని ప్రక్కన నహలాలు అని, రెండవదాని ప్రక్కన మఆలూల్ అని వ్రాయండి. ఆ దేశపు సమాధానము కొరకు ప్రార్థించేటప్పుడు రెండు పేర్లూ చెప్పండి.